అచ్చాయమ్మ రింగు

నేను ఒక ఇత్తడి రింగుని. వేలికి పెట్టుకునే రకాన్ని కాదు. కెమెరా లెన్సుకీ, దాని ముందు బిగించే ఫిల్టరుకీ మధ్యన ఉండే చుట్టుని. లెన్సు మూతి చిన్నదై, ఫిల్టరు పెద్దదైనప్పుడు ఒకదాని మర ఇంకొకదానికి పట్టదు. అప్పుడు నాలాంటి దాన్ని తెచ్చి మధ్యలో పెడతారు. నాకు ఒక పక్క యాభైరెండు మిల్లీమీటర్ల మర, రెండో పక్క అరవైయేడు. ఫొటో బాగా వస్తే లెన్సుని పొగుడుతారు, ఫిల్టరుని పొగుడుతారు, ఆ రెండింటికంటే ఎక్కువగా తమని తాము పొగుడుకుంటారు. రింగుని పొగిడిన మనిషిని నేనింతవరకు చూడలేదు. దానికి నాకేం చింత లేదు. నా చింత వేరు.

ఇప్పుడు నేను రాజమండ్రిలో ఒక పాతసామాన్ల కొట్టులో, రేకు డబ్బా అడుగున పడి ఉన్నాను. కొట్టతను నన్ను బోరింగు పంపు వాషరనుకుంటున్నాడు. అనుకోనివ్వండి. ఇక్కడికి రాకముందు పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరొకడి దగ్గర, చెరువుల్లో కలువపూల ఫొటోలు తీసే పిచ్చి ఉన్న లెక్చరరొకాయన దగ్గర చాలా ఏళ్ళు పనిచేశాను. వాళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పవలసిందల్లా నేను పుట్టిన వారం గురించే. ఆ వారమే నేను నా మొదటి పని చేశాను. అది చెయ్యకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ ఏడు గోదావరికి పెద్ద వరద వచ్చింది. నది మధ్యనున్న లంకల్లో ఇళ్ళన్నీ నాలుగు రోజులు నీళ్ళలోనే ఉన్నాయి. నీరు తీసిన వారానికి అచ్చాయమ్మ అనే ఆవిడ రేవు దాటి అమలాపురం వచ్చి, త్రిమూర్తులు ఫొటో స్టూడియో మెట్లెక్కింది. చేతిలో తడి తువ్వాలు చుట్టిన పటం ఉంది. అందులో ఆవిడ కూతురు వీరవేణి ఉంది. ఆ పిల్ల పదకొండో ఏట విషజ్వరం వచ్చి రెండు రోజుల్లో పోయింది. పోయి ఆరేళ్ళయింది. పోవడానికి ముందు ఏడాది తీర్థంలో ఎవరో ఊరూరా తిరిగే ఫొటోగ్రాఫరు డేరా వేస్తే, అక్కడ తీయించి పెద్దది చేయించిన ఫొటో అది. అతనెవరో, ఎక్కడివాడో, నెగెటివ్ ఏమైందో ఎవరికీ తెలియదు. ఈ లోకంలో వీరవేణిది అదొక్కటే ఫొటో.

వరద నీళ్ళలో నాని, ఫొటో పటం గాజుకి అంటుకుపోయింది. అచ్చాయమ్మ మరిది వెనకట్ట ఊడదీసి లాగబోతే జడ చివర కట్టిన రిబ్బను కాగితాన్నొదిలి గాజుకే ఉండిపోయింది. అక్కడితో ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఎండలో పెడితే పెచ్చులూడిపోతుంది. తడిగా ఉంచితే రోజుకింత కరిగిపోతుంది. ఎటు చూసినా పోవడమే. ఇక మిగిలిన దారి ఒక్కటే, గాజు మీది నుంచే దాన్ని మళ్ళీ ఫొటో తీసుకోవడం.

త్రిమూర్తులు పటాన్ని అరుగు మీద పెట్టి చూశాడు, గుమ్మంలో పెట్టి చూశాడు, నల్లగుడ్డ కప్పుకుని చూశాడు. కొంత అంటుకుని కొంత ఉబ్బి ఉన్న ఫొటో, పైన గాజు. ఎటు తిప్పినా ఆకాశమో, గోడో, తన బట్టతలో అందులో మెరుస్తోంది తప్ప పిల్ల ఆనడం లేదు. వరద తర్వాత ఊరికింకా కరెంటు రాలేదు గనక లైట్లు పెట్టే వీలూ లేదు. తనకి మెరుపు తప్ప ఏమీ కనపడటం లేదన్నాడు. అచ్చాయమ్మ ఒప్పుకోలేదు. అంచులు పోయినా మొహం చెక్కు చెదరలేదనీ, పొద్దున్న కూడా వంగి చూసుకుని వచ్చాననీ గట్టిగా చెప్పింది.

గాజు మీద మెరుపుని చంపే ఫిల్టరొకటి ఉంటుంది. చూడ్డానికి నల్ల కళ్ళద్దంలా ఉంటుంది. లెన్సుకి బిగించి మెల్లగా తిప్పితే ఒక చోట మెరుపంతా ఆరిపోయి, కింద ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. అలాంటిది కాకినాడలో త్రిమూర్తులు నేస్తం ఒకాయన దగ్గర ఉంది. కాని దాని కొలత పెద్దది, త్రిమూర్తులు లెన్సు చిన్నది. ఈ సంగతంతా ఆవిడకి విప్పి చెప్పే ఓపిక లేక అతను ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"రింగు కావాలి చెల్లెమ్మా. రింగుంటే పనైపోద్ది."

అచ్చాయమ్మ తన కుడిచెయ్యి చూసుకుంది. మళ్ళీ పటాన్ని తువ్వాల్లో చుట్టుకుని, వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. మనుషులు మాటల్ని ఎంత నమ్ముతారో చూడండి. ఒక మాట ఒకరి నోట్లోంచి బయటికొచ్చి ఇంకొకరి చెవిలో పడేలోగా ఏమవుతుందో వాళ్ళకి పట్టదు. పెద్దమనిషి డబ్బు నోరు తెరిచి అడగలేక, దానికి బదులు రింగంటున్నాడని ఆవిడ అనుకుంది. రింగంటే ఆవిడకి తెలిసింది వేలికి పెట్టుకునేదే.

మూడో రోజు పొద్దున్నే మళ్ళీ వచ్చింది. ఈసారి పటం తేలేదు. కొంగుముడి విప్పి సన్నటి బంగారపు ఉంగరం ఒకటి బల్ల మీద పెట్టింది. అది నిండు ఉంగరం కాదు. ఒక చోట తెగి, నోరు తెరుచుకుని ఉంది.

"ఊడి రాలేదండి అన్నయ్యగారూ. సబ్బు రాశాను, నూని రాశాను. కణుపు దాటలేదు. కంసాలి దగ్గరికెళ్ళి కోయించేశాను. పనికొస్తదాండి?"

త్రిమూర్తులు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఇదెందుకు తెచ్చావని అడిగితే, మీరే కదండీ రింగు కావాలన్నారు అంది. ఎప్పటిదని అడిగితే, పిల్ల పోయాక దాని చెవిపోగులు కరిగించి చేయించుకున్నదని చెప్పింది. ఆరేళ్ళుగా వేలినుంచి తీయలేదట. సిగ్గుతో తల కొట్టేసినట్టయిందని త్రిమూర్తులు తర్వాత చెప్పుకున్నాడు. లోపల్నుంచి లెన్సు తెచ్చి, దాని మూతి చుట్టూ ఉన్న మర చూపించి, తను అడిగింది దీనికి బిగించే రింగనీ, అది మద్రాసునుంచి తెప్పించాలనీ నెమ్మదిగా వివరించాడు.

ఆవిడ తన ఉంగరం గురించి ఒక్క మాట అనలేదు. అడిగింది ఒక్కటే. "అయితే ఆ రింగెప్పుడొస్తదండి?"

పది రోజులు పడుతుందన్నాడు.

"నిన్నటికి గౌను అంచు పోయిందండి. పది రోజులంటే మొహానికొచ్చేస్తది."

త్రిమూర్తులు తెగిన ఉంగరాన్ని ఆవిడ కొంగులోనే మళ్ళీ ముడివేయించి పంపించాడు. ఆ వెంటనే స్టూడియోకి తాళం వేసి, లెన్సుని జేబురుమాల్లో చుట్టుకుని కాకినాడ బస్సెక్కాడు. మద్రాసులో దొరికేదాన్ని కాకినాడలో చేయించలేనా అనుకున్నాడు. అలా అనుకోబట్టే నేను పుట్టాను.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేస్తం దగ్గర ఫిల్టరు తీసుకుని, కాకినాడలోనే సుభానీ లేతు షాపుకి వచ్చిన త్రిమూర్తులు స్టూలు మీద కూర్చుని చెబుతుంటే, నేను మూల పడున్న ఇత్తడి బుష్షుగా ఉండి విన్నాను. సుభానీది పడవ ఇంజన్లూ, చేలకి నీళ్ళు తోడే మోటార్లూ బాగుచేసే షాపు. లావుపాటి షాఫ్టులు తిరిగే చోట ఇంత సన్న మర పని ఎవరూ తేలేదు. మర చుట్టుకీ చుట్టుకీ మధ్య ముప్పావు మిల్లీమీటరుంటుందని తెలిసి, ఇది తన వల్ల కాదని సుభానీ చెప్పేశాడు. త్రిమూర్తులు కదల్లేదు. తెగిన ఉంగరం సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. సుభానీ బీడీ ఆర్పేసి లేచాడు.

మొదట అల్యూమినియంతో ఒక రింగు చేశాడు. బిగించబోతే దాని మర చితికిపోయింది. నాకు అన్నలాంటి వాడే, కాని ఒక్క బిగింపుకి కూడా బతకలేదు. అప్పుడు నన్ను తీసి లేతుకి పట్టించాడు. నన్ను కోసినంతసేపూ లెన్సూ, ఫిల్టరూ పక్కనే పెట్టుకుని పదిసార్లు పోల్చి చూసుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తినలేదు. చివర నాలోపల మెరవకూడదని నల్లరంగు పూశాడు. త్రిమూర్తులు నన్ను లెన్సు మీద పెట్టి రెండు వేళ్ళతో తిప్పితే ఎక్కడా పట్టెయ్యకుండా ఎక్కి కూర్చున్నాను. నామీద ఫిల్టరూ అలాగే ఎక్కింది. ఆ ఇద్దరు మగాళ్ళూ పెళ్ళి సంబంధం కుదిరినంత సంబరపడిపోయారు. నేనూ పడ్డాను. నావల్ల ఒక తల్లికి కూతురు దొరకబోతోంది గదా అని.

మర్నాడు పొద్దున్నే పడవలో లంకకి వెళ్ళాం. ఇంటి గోడల మీద ఛాతీ ఎత్తున వరద చార అలాగే ఉంది. ఇంట్లో సామానంటూ పెద్దగా మిగల్లేదు. అచ్చాయమ్మ పటాన్ని తడిగుడ్డలోంచి తీసి, తలుపు పక్కన వెలుతురులో నులకమంచం మీద పెట్టింది. త్రిమూర్తులు కెమెరాని ఒక పక్కన ఏటవాలుగా నిలబెట్టాడు. ఆవిడ ఎదురుగా, మంచానికవతల నుంచుని, రోజూ చూసుకునేటట్టే పటం మీదికి వంగి పిల్లని చూసుకుంటోంది.

కెమెరాలోంచి చూసేసరికి ఆ మెరుపుల మధ్య ఒక మొహం లీలగా కనిపించింది. త్రిమూర్తులు హమ్మయ్య అనుకుని ఫిల్టరుని తిప్పడం మొదలుపెట్టాడు. మెరుపు తగ్గుతూ వచ్చింది. పువ్వుల గౌను కనిపించింది. బుట్టచేతులు కనిపించాయి. రిబ్బను లేని జడ, మెడలో పూసలదండ కనిపించాయి. ఇంకొంచెం తిప్పాడు. మెరుపు పూర్తిగా ఆరిపోయింది. పూసలదండ పైన, మొహం ఉండవలసిన చోట ఒండ్రు మట్టి ఉంది. అరచేతంత మేర అంతా నల్లటి మరక. కన్ను లేదు, ముక్కు లేదు.

త్రిమూర్తులు చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిప్పాడు. మొహం వచ్చింది. ముందుకి తిప్పాడు. మట్టి వచ్చింది. మూడుసార్లు అలా చేశాక తలెత్తి, మంచానికవతల వంగి నుంచున్న మనిషిని చూశాడు. మట్టి పట్టి నల్లబడిన చోట గాజు అద్దంలా పనిచేస్తోంది. పది రోజులుగా ఆవిడ పొద్దున్నే వంగి చూసుకుంటున్నది తన మొహాన్నే. ఇంట్లో అద్దాన్ని కూడా గోదారి పట్టుకుపోయింది గనక ఆవిడకి పోల్చుకునే వీలు లేకపోయింది. ఏడ్చి ఏడ్చి కళ్ళూ ఆనడం లేదు. వీరవేణి మొహం ఆ నీళ్ళల్లోనే, మొదటి రోజునే పోయింది.

నన్ను చేసింది మెరుపు తీసెయ్యడానికి. తీసేశాను. ఇంత బాగా చెయ్యకపోయినా బాగుండేది, అల్యూమినియం రింగులాగా నేనూ చితికిపోయి ఉంటే బాగుండేది అనిపించింది. ఆ నిమిషంలో నా బతుకు మీద నాకు పుట్టిన రోత ఇప్పటికీ పోలేదు.

"కనపడతందా అన్నయ్యగారూ?"

త్రిమూర్తులు ముప్పై ఏళ్ళుగా ఫొటోలు తీస్తున్న మనిషి. తీసినదాంట్లో లేనిది ఉందని ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

"కనపడతంది చెల్లెమ్మా" అన్నాడు. "అలాగే వంగుండు. నేను చెప్పేదాకా కదలకు. పిల్లనే చూస్తా ఉండు."

ఫిల్టరుని వెనక్కి తిప్పుకుంటూ వచ్చి సగంలో ఆపాడు. అక్కడ గౌనూ దండా కనిపిస్తున్నాయి, మొహమూ కనిపిస్తోంది. ఆవిణ్ణి ఒక వీసమెత్తు కుడికి జరగమన్నాడు. మొహం సరిగ్గా మెడ మీదికి వచ్చి కుదురుకుంది. లెన్సు కన్ను బాగా సన్నం చేసి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. మూడు ఫొటోలు తీశాడు. ఆవిడ మూడుసార్లూ కన్నార్పలేదు.

ఈలోగా ఊరికి కరెంటు వచ్చింది. నాలుగో రోజున ఆవిడ స్టూడియోకి వచ్చింది. కెమెరా బల్ల మీదే ఉంది, నేను లెన్సు మీదే ఉన్నాను. త్రిమూర్తులు పెద్ద సైజు ప్రింటు తెచ్చి ఆవిడ చేతికిచ్చి, ఏదో పని ఉన్నట్టు పక్కకి తిరిగాడు. ఆవిడ దాన్ని గుమ్మంలోకి తీసుకుపోయి ఎండ వెలుతురులో పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. పువ్వుల గౌను మీద వేలు పెట్టింది, జడ మీద పెట్టింది. వేలు మొహం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఇది నేనండి" అంది.

త్రిమూర్తులు తిరగలేదు. తప్పైపోయిందనీ, నిజం చెప్పడానికి నోరు రాలేదనీ గోడకేసి చూస్తూ అన్నాడు.

"మొహం పోయిందన్నమాట."

"పోయిందమ్మా."

ఆవిడ గుమ్మంలోనే కూలబడింది. గట్టిగా ఏడవలేదు. పమిట నోట్లో కుక్కుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉండిపోయింది. ఆ మొహం ఎలా ఉండేదో తనకి కూడా సరిగా గుర్తు రావడం లేదనీ, కళ్ళు మూసుకుంటే ఆ ఫొటోయే తప్ప పిల్ల కనిపించేది కాదనీ, ఇప్పుడదీ పోయిందనీ చెప్పింది. త్రిమూర్తులు వచ్చి ఆ ప్రింటు తీసుకోబోయాడు. చించేస్తానన్నాడు. ఆవిడ వదల్లేదు.

"ఉండనివ్వండి" అంది. "బతికుంటే, నా వయసొచ్చేసరికి ఇలాగే ఉండేదండి."

ప్రింటు తడవకుండా కాగితం చుట్టి ఇమ్మంది. రేవులో ఆఖరి పడవకి ఇంకా టైముందా అని అడిగి, ఉందన్నాక లేచి వెళ్ళింది.