బస్సమ్మ ఫోనులో నలభై ఇళ్లు

నాలుగో స్టాపులో బడిబస్సు పూర్తిగా ఆగకముందే, పిల్లలంతా బస్సమ్మ అని పిలిచే ఆయా ఫుట్‌బోర్డు మీదికి దిగి చెయ్యి చాచింది. పద్నాలుగేళ్లుగా పిల్లల సంచులు అందుకుని అందుకుని ఆమె కుడిభుజం కాస్త కిందికి వాలిపోయింది. రోజూ బిడ్డను ఆమె చేతికిచ్చే తల్లి ఇవాళ తానే ఎక్కించి, మొహం చూడకుండా వెళ్లిపోయింది.

ఐదో స్టాపులోనూ అంతే. ఆరో స్టాపులో ఒక తండ్రి తన ఫోను తిప్పి చూపించాడు.

"ఇది నువ్వేనా?"

తెరమీద ఆమె ఫోటో. కింద ఎర్రటి అక్షరాలు: 'మీ పిల్లల్ని ఈ దొంగ చేతికి అప్పగించకండి.'

అది అప్పు యాప్ వాళ్ల పనేనని బస్సమ్మకు అర్థమైంది. మరిది కాలి ఆపరేషనుకని ఫోనులోనే అప్పు తీసుకుంది. పోయిన నెల వడ్డీతో సహా తీర్చేసింది. ఆలస్యానికి ఇంకా కట్టాలన్నారు. కట్టనంది. ఆమె ఫోనులో చుట్టాల నంబర్లు ఐదో ఆరో. మిగతావన్నీ పిల్లల ఇళ్లవి. ఎవరికి జ్వరం, ఎవరిని అమ్మమ్మ దించుకుంటుంది, ఆ కబుర్ల కోసం దాచుకున్నవి. ఆ నలభై ఇళ్లకూ ఫోటో చేరింది.

పిల్లల్ని బడిలో దించి, డ్రైవరును తోడు తీసుకుని పోలీస్ స్టేషనుకు వెళ్లింది.

"ఫోనులో నంబర్లు చూసుకోమని నువ్వే 'సరే' నొక్కావు కదమ్మా," అన్నాడు ఫిర్యాదులు రాసుకునే ఆయన. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"నొక్కకపోతే డబ్బు రాదన్నారయ్యా. నా పరువు తియ్యమని నొక్కానా?"

డ్రైవరుకు ఒళ్లు మండింది. "ఆమె నొక్కినా సరే, వాళ్లలా చెయ్యకూడదని చట్టం ఉంది సార్. మీ వెనక గోడకే అంటించారు, చూడండి."

ఆయన తిరిగి, గోడమీది క్యాలెండరు పక్కకు జరిపి చూశాడు. ఉంది. అప్పిచ్చినవారు ఫోనులోని నంబర్లు తీసుకోరాదు, తెలిసినవారి ముందు పరువు తీయరాదు. ఆ కాగితం నడినెత్తిన మేకు కొట్టి ఎవరో క్యాలెండరు తగిలించుకున్నారు.

ఫిర్యాదు రాసుకుని రసీదిచ్చాడు. ముప్ఫై రోజుల్లో కబురొస్తుందన్నాడు.

మధ్యాహ్నం ప్రిన్సిపాలు ఆ రసీదు రెండుసార్లు చదివింది.

"నీ తప్పేం లేదని నాకు తెలుసు. కానీ పదకొండుమంది ఫోను చేశారు. వాళ్లకేం చెప్పమంటావు?"

"ఇప్పుడు నాతో అన్నారు కదమ్మా, ఆ మాటే చెప్పండి."

ప్రిన్సిపాలు సొరుగు తెరిచింది. ఇవాళ్టిదాకా లెక్కగట్టిన జీతం కవరు బల్లమీద ముందుకు జరిపింది.

సాయంత్రం ఆరో స్టాపులో డ్రైవరే ఇంజను ఆపి, దిగివచ్చి పిల్లను దించాడు.

"బస్సమ్మ ఏది?" అంది పిల్ల.

"మీ నాన్ననడుగు, తల్లీ."

తండ్రి సంచి అందుకుని గబగబా నడిచాడు. ముందు సీటు మీద, దారిలో నిద్రపోయే పిల్లల కోసం ఆమె పాత గుడ్డలతో కుట్టిన చిన్న దిండు, నడుమ తలలు ఆనిన పల్లంతో, అలాగే ఉంది.