చేతికి తెలిసే గుర్తులు

ఆ వీధిలో ఆమెను అందరూ దారాలక్క అని పిలిచేవాళ్లు. ఎవరింటి అరుగు మీద కూర్చున్నా, ఎవరితో కబుర్లాడుతున్నా ఆమె చేతిలో క్రోషే సూది ఆడుతూనే ఉండేది. అలాగని ఆమె అల్లేవి గాజు బీరువాలో పెట్టుకుని మురిసిపోయే బాపతు కావు. వేడి గిన్నెలు దించే మందపాటి గుడ్డలు, ఉల్లిపాయలు వేలాడదీసే వలసంచులు, తాళాలు పడేసుకునే చిన్న బుట్టలు, నేల గీసుకుపోకుండా కుర్చీ కాళ్లకు తొడిగే మేజోళ్లు. ఎవరైనా పువ్వుల లేసు అల్లిపెట్టమంటే, "అది మీ ఇంట్లో ఏం పని చేస్తుందో చెప్పండి, అల్లుతాను" అనేది.

భర్త వ్యాను డ్రైవరు. ఊరవతల ఉన్న బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లను పొద్దున్నే ఇళ్ల దగ్గర ఎక్కించుకుని, సాయంత్రం మళ్లీ తెచ్చి దించేవాడు. ప్యాకింగులో పనిచేసే అతని సొంత అక్క కూడా ఆ వ్యానులోనే వెళ్లేది. మనిషి సరదా మనిషి. అతను ఉన్నచోట నవ్వులే. వ్యాను చెడిపోయి దారిలో ఆగినా ఆడవాళ్లు తిట్టుకోకుండా నవ్వుకుంటూ దిగేవాళ్లంటే, అది అతని నోటి చలవే.

ఒక సెలవు రోజు అక్క తమ్ముణ్ణి చూడటానికి వచ్చింది. దారాలక్క దొడ్లో బట్టలు ఆరేస్తోంది. "మా అక్కకి ఇవాళ నా చేత్తో కాఫీ" అంటూ డ్రైవరు వంటింట్లోకి వెళ్లాడు. మొదటి గుక్కకే అక్క ముఖం వికారంగా పెట్టి కాఫీ బయటికి ఉమ్మేసింది.

"ఏరా, ఉప్పు వేశావేంట్రా!"

"నా మీద నీకెంత ప్రేముందో చూద్దామని" అన్నాడతను. అందరికంటే గట్టిగా నవ్విందీ అతనే.

నవ్వులు విని లోపలికి వస్తున్న దారాలక్క కూడా నవ్వింది గానీ, ఆ నవ్వు వంటింటి గడప దాటకముందే ఆగిపోయింది. ఉప్పు, పంచదార రెండూ ఒకే రకం గాజు సీసాల్లో ఉంటాయి. ఏళ్ల తరబడి ఉప్పు ఎడమవైపు, పంచదార కుడివైపు. ఆ పొద్దున ఆమె అలమారా తుడిచి, ఏదో ధ్యాసలో రెండింటినీ తారుమారుగా పెట్టింది. అంటే ఇన్నాళ్లూ ఆయన కళ్లతో చూసి తీయడం లేదు. చోటు గుర్తుపెట్టుకుని తీస్తున్నాడు.

ఆ రోజు నుంచి ఆమె భర్తను గమనించడం మొదలుపెట్టింది. పక్కన పెట్టిన నీళ్ల గ్లాసు మోచేయి తగిలి పడిపోయేది. తలుపు సగం తెరిచి ఉంటే భుజం కొట్టుకునేవాడు. ఆమె ఎదురుగా నిలబడితే మామూలుగా మాట్లాడేవాడు. అదే పక్కగా వచ్చి నిలబడితే అక్కడ మనిషి ఉన్నట్టే తెలిసేది కాదు.

"ఏవండీ, మీకు కళ్లు సరిగ్గా కనిపిస్తున్నాయా?"

"నువ్వు కనిపిస్తున్నావు కదే. ఇంతకంటే ఏం చూడమంటావు?"

"వేళాకోళం కాదండీ. ఓసారి కళ్ల డాక్టరుకి చూపిద్దాం."

"వయసుతో వచ్చే మసకే. ఊళ్లో సగం మందికి ఉంది. ఊరుకో."

ఊరుకోలేకపోయింది. కానీ పోరు పెట్టడమూ ఆమెకు చేతకాదు. చేతనైనది సూది పట్టడం. ఉప్పు సీసాకు ఒళ్లంతా బొడిపెలు తేలేలా నూలుతో తొడుగు అల్లింది. పంచదార సీసాకు నున్నటిది. కాఫీ పొడి డబ్బాకు గట్లు గట్లుగా ఉండేది. పెరటి తలుపు గడియకు ఒక రకం, స్నానాల గది గడియకు మరో రకం. మూలలు తగిలే బల్లకు నాలుగు పక్కలా దళసరి అంచు వేసింది. గ్లాసులు దొర్లిపోకుండా వాటి కింద పెట్టే గుండ్రటి మెత్తలు అల్లి, వాటికి గిన్నెలా అంచు లేపింది.

"సీసాలకి చొక్కాలు తొడిగావే! లాగులు ఎప్పుడు కుడతావు?" అన్నాడతను. ఎందుకు తొడిగావని మాత్రం అడగలేదు. ఆ మర్నాటి నుంచి అతని వేళ్లు ముందు తొడుగును తడిమి, ఆ తర్వాతే మూత తీసేవి. ఆమె చూసి చూడనట్టు ఊరుకునేది. ఇంట్లో గ్లాసులు పగలడం తగ్గింది. భుజం మీద కమిలిన మచ్చలు పోయాయి. ఇద్దరి మధ్యా మాట రాకుండానే ఇల్లు మళ్లీ గాడిలో పడింది. అందుకామె లోలోపల కాస్త గర్వపడింది కూడా.

వ్యాను సంగతి ఆమె మనసుకు రాకపోలేదు. వచ్చినప్పుడల్లా పక్కకు నెట్టేసేది. అంత కనిపించకపోతే బండి ఎలా నడుపుతారు, నడుపుతున్నారంటే కనిపిస్తున్నట్టేగా అని తనకు తానే సర్దిచెప్పుకునేది.

అలా ఉండగా ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటావిడ పెద్ద పెద్ద గిన్నెలు దించే గుడ్డలు కావాలని కబురు పెట్టింది. దారాలక్క వాటిని మూటగట్టి, వాళ్లాయన వ్యానులోనే బయల్దేరింది. ముందు సీటులో, డ్రైవరు పక్కన, వదిన కూర్చుని ఉంది. అది ఎప్పుడూ ఆవిడ చోటే. దారాలక్క వాళ్ల వెనక సీటులో కూర్చుంది.

వ్యాను కదిలింది. వెనక ఆడవాళ్లు గోలగోలగా మాట్లాడుకుంటున్నారు. ముందు అక్కాతమ్ముళ్లు కూడా మాట్లాడుకుంటున్నట్టే ఉన్నారు. దారాలక్క చెవి అటు పడింది.

"మా పక్కింటావిడ నిన్న ఒకటే ఏడుపురా... ఎడమ పక్క సైకిలు... కొడుకు మాట వినట్లేదట... కుడి పక్క నుంచి లారీ వస్తోంది, ఆగు... ఆ, పోయింది... మరి వాడికెవరు చెప్తారు చెప్పు... పిల్లాడు దాటుతున్నాడు, నెమ్మది."

గొంతులో మార్పు లేదు. కబుర్లలో కబురుగా ఆవిడ రోడ్డంతా అతనికి చెప్పుకొస్తోంది. అతను తల తిప్పకుండా, ఆవిడ అన్నది అన్నట్టు స్టీరింగు తిప్పుతున్నాడు. దారాలక్క చేతిలోని మూటను గట్టిగా పట్టుకుని, ఫ్యాక్టరీ గేటు వచ్చేదాకా తనూ రోడ్డునే చూస్తూ కూర్చుంది.

అందరూ లోపలికి వెళ్లాక ఆమె వదినను గేటు పక్కన ఆపింది.

"ఎన్నాళ్ల నుంచి వదినా ఇది?"

వదిన బుకాయించలేదు. "వానలకి ముందు నుంచి. నేను పక్కనుండగా వాడికేం కాదు."

"మీకు ఒంట్లో బాగా లేని రోజున?"

"జ్వరంతోనే ఎక్కాను. వాణ్ణి ఒంటరిగా పంపుతానా?"

"వాళ్లంతా ఆ వ్యానులో ఉన్నారు వదినా. రోడ్డు మీద జనం ఉన్నారు. మీరూ ఉన్నారు."

"బండి లేకపోతే వాడు మనిషి కాడే. పదహారేళ్లప్పటి నుంచి ఆ చక్రం పట్టుకున్నాడు. నీకు తెలియదా?" వదిన గొంతు తగ్గించింది. "అయినా నాకు నీతులు చెప్తున్నావు, నువ్వేం చేశావు? సీసాలకి బొడిపెలు అల్లలేదూ? ఇంట్లో నువ్వు కాశావు, రోడ్డు మీద నేను కాశాను. ఇద్దరిదీ ఒకటే పని."

దారాలక్క క్యాంటీనులో గుడ్డలు ఇచ్చేసి, ఇంటిదాకా నడిచే వచ్చింది. దారి పొడుగునా ఆ ఒక్క మాటే చెవిలో మోగుతోంది.

సాయంత్రం అతను కాళ్లు కడుక్కుని కూర్చోగానే అడిగేసింది. ఈసారి అతనికి హాస్యం తోచలేదు. డాక్టరుకు ఎప్పుడో చూపించుకున్నానన్నాడు. అక్క తీసుకెళ్లిందట. నీటికాసులనే కంటి జబ్బట. పక్క చూపు చాలా మటుకు పోయిందట, పోయింది తిరిగి రాదట. ఉన్నది నిలవాలంటే రోజూ చుక్కల మందు వేసుకోవాలి, బండి మాత్రం నడపకూడదు అన్నాడట డాక్టరు.

"అన్నీ ఆవిడకే చెప్పి, నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఊరుకోవు గనక."

"వదిన ఊరుకుంది."

"అక్క వేరు."

ఆ మాటకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని, "రేపు వ్యాను ఓనరుగారికి మీరే చెప్పండి. మీ నోటితో మీరు చెప్తే గౌరవంగా ఉంటుంది" అంది. అతను సరేనని తల ఊపాడు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే తాళాలు తీసుకుని బయటికి వెళ్లాడు. చెప్పడానికే వెళ్తున్నాడనుకుని ఆమె వాకిట్లోకి వచ్చింది. వ్యాను స్టార్టయింది. వీధి మలుపులో ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఫ్యాక్టరీలో కొత్తగా పనికి కుదిరిన ఎదురింటమ్మాయి వ్యాను కిటికీలోంచి చెయ్యి ఊపింది. "అక్కా, నాకూ ఒక సంచి అల్లిపెట్టవా!" అని అరిచింది. వ్యాను మలుపు తిరిగి వెళ్లిపోయింది.

దారాలక్క చెప్పులేసుకుని తిన్నగా ఓనరుగారి షెడ్డుకు వెళ్లింది. ఆయన పెద్దమనిషే. ఆమె చెప్పింది విని కుర్చీలోంచి లేచాడు.

"అమ్మా, నువ్వు చెప్తున్నదేంటో తెలిసే చెప్తున్నావా? ఇంక అతన్ని బండి ఎక్కించలేను."

"తెలిసే చెప్తున్నానండీ" అంది. అన్నాక అక్కడే ఉన్న పాత టైరు మీద కూర్చుంది.

ఆ సాయంత్రం వ్యాను వేరే డ్రైవరుతో వచ్చింది. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ నడిచి వచ్చారు. వదిన గడప అవతలే ఆగిపోయింది.

"కట్టుకున్నదానివై నా తమ్ముడి నోటి దగ్గర కూడు లాగేశావు. ఇంక ఈ ఇంటి గడప తొక్కను" అని వెనుదిరిగింది. డ్రైవరు వంటింట్లోకి వెళ్లి సీసాల తొడుగులు ఒక్కొక్కటే ఊడబెరికాడు. గడియలవీ లాగేశాడు. బల్ల అంచుది రాకపోతే కత్తితో కోశాడు. అన్నిటినీ పెరట్లో బురదలోకి విసిరేసి, చేతులు కడుక్కోకుండానే మంచమెక్కాడు.

ఆమె వాటిని ఏరుకొచ్చి, ఉతికి, ఆరేసి, ఒక సంచిలో పెట్టింది. మళ్లీ తొడగలేదు.

ఆ తర్వాత రోజులు చాలా బరువుగా గడిచాయి. అతను ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆకలేస్తే కంచం ముందు కూర్చునేవాడు. గ్లాసు పగిలితే కదలకుండా కూర్చుండిపోయేవాడు, ఆమె వచ్చి గాజు పెంకులు ఎత్తేది. చుక్కల మందు మాత్రం తనే తల వెనక్కి వాల్చి వేసుకునేవాడు. సగం బుగ్గల మీద కారిపోయేది. సాయం చేయబోతే చెయ్యి తోసేసేవాడు. షెడ్డులో బళ్లు కడిగించే పని ఇస్తానని ఓనరుగారు కబురు పంపితే, వినిపించనట్టు ముఖం తిప్పుకున్నాడు.

వీధిలోనూ ఆమెను మెచ్చుకున్నవాళ్లు లేరు. కొత్త డ్రైవరు ముభావి, పాటలు పెట్టడు, నవ్వించడు. "ఇన్నేళ్లలో ఒక్క ప్రమాదం జరగలేదు. పాపం ఆయన కడుపు కొట్టింది" అనుకునేవాళ్లు. ఆమె చెవిన పడేలాగానే అనుకునేవాళ్లు. ఏమైనా జరిగి ఉంటే ఆమెది తప్పు కాదని తేలేది. ఏమీ జరగలేదు. ఇక జరగదు కూడా. కాబట్టి తాను చేసింది సరైనదని చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఒక్కోసారి ఆమెకే అనుమానం వచ్చేది, ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఆయనే చెప్పేవాడేమోనని. ఆ వెంటనే ఎదురింటమ్మాయి చెయ్యి ఊపడం కళ్ల ముందు మెదిలేది. ఆ పిల్లకు సంచి అల్లి ఇచ్చింది. అది తీసుకుని తల వంచుకుని వెళ్లిపోయింది.

ఒక మధ్యాహ్నం ఆమె కిటికీ దగ్గర కూర్చుని కాలిపట్టా అల్లుతోంది. స్నానాల గది ముందు చిన్న మెట్టు ఉంది. అతను అక్కడ రెండుసార్లు తూలాడు. దాని మీద పరుద్దామని బూడిద రంగు దారం పేనుకుని మొదలుపెట్టింది. అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి మాట్లాడాడు. అన్ని రోజుల మౌనం తర్వాత ఆ గొంతు కొత్తగా ఉంది.

"అక్క ఒకరోజు కునుకు తీసింది."

ఆమె చేతిలో సూది ఆగింది.

"జ్వరమొచ్చిన రోజు. సాయంత్రం అందర్నీ దించేశాక, బండిలో మేమిద్దరమే ఉన్నాం. నాకు తెలియలేదు. తను మాట్లాడట్లేదంటే రోడ్డు ఖాళీగా ఉందనుకున్నాను. ఏదో తగిలింది. దిగి చూస్తే ఒక ముసలాయన. కూరగాయల బుట్ట చితికిపోయింది. ఆయనకేం కాలేదు. ఆయన ఇంకో జానెడు ఇవతల ఉంటే..." ఆగాడు. "నవ్వించి పంపించేశాను. బుట్టకి నష్టం ఇచ్చి, మీ టమాటాలకి నా బండంటే ఎంత ప్రేమో అన్నాను. ఆయనా నవ్వాడు. అక్కకి చెప్పలేదు, నిద్రలో ఉంది. ఎవరికీ చెప్పలేదు."

"ఆ రోజే మానేయాల్సింది కదండీ" అంది నెమ్మదిగా.

"మానేద్దామనే అనుకున్నాను. పొద్దున్నే తాళాలు చేతిలోకి వచ్చేవి." అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. "నేను చేయాల్సిన పని నువ్వు చేశావు. అందుకే నిన్ను చూస్తే ఒళ్లు మండుతోంది. ఇంకా కొన్నాళ్లు మండుతుంది. ఏమనుకోకు."

ఏమీ అనుకోనని చెప్పబోయింది. అది నిజం కాదు. అందుకే ఊరుకుంది. అక్క వేరు అన్న మాట ఆమెకింకా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఎప్పుడో ఒకరోజు దాన్ని గురించీ అడగాలి. ఇవాళ కాదు.

అతను చెయ్యి చాపి ఆమె ఒళ్లో ఉన్న పట్టాను తడిమాడు. కళ్ల దగ్గరికి తెచ్చుకుని, అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇదెక్కడికి?"

"స్నానాల గది మెట్టు మీదికి."

"ఏం రంగు?"

"బూడిద రంగు. మాసినా కనపడదని."

"నేల బూడిద రంగు. మెట్టు బూడిద రంగు. దాని మీద మళ్లీ బూడిద రంగు పట్టా. నేను దేన్ని చూసి కాలు పెట్టాలే?" అన్నాడు. గొంతులో కోపం కోపంగానే ఉంది. "పసుపు వెయ్యి. ముదురు పసుపు."

అతని కళ్లకు ఏం కావాలో అతని నోటి నుంచి వినడం ఆమెకదే మొదటిసారి. అల్లిన వరసలన్నీ ఒక్క లాగుతో విప్పేసింది. పసుపు దారం ఇంట్లో లేదు, దుకాణానికి వెళ్లాలి. చెప్పులు వేసుకుంటూ, "మీరూ వస్తారా?" అని అడిగింది.

"రాను" అన్నాడతను.

ఆమె గడప దాటుతుండగా, "ఇవాళ రాను" అన్నాడు.

ఆమె తలుపు దగ్గరగా వేసి వీధిలోకి నడిచింది.