తుంగవంక రాళ్లు

వంకలో పద్నాలుగు మంది ఆడవాళ్లు బారుగా కూర్చుని రాళ్లు తోముతున్నారు. చేతుల్లో కొబ్బరి పీచు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ తూము నుంచి పల్లె బావి దాకా రెండు వందల గజాలు. జూలై మొదటి వారం. రోజూ వ్యర్థం వదిలే తూమును ఆ ఉదయం కట్టేశారు.

వాళ్లను కూలికి పిలిచింది ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ రఘునాథ్. రాళ్ల మీద జిగురు ఉండకూడదు, చచ్చిన ఎండ్రకాయ కనపడకూడదు అన్నాడు.

"మీ వంకను మీరే కడుక్కునేదానికి కూలిచ్చేవోడు యాడన్నా ఉంటాడా?" అని నవ్వాడు.

బారులో తోముతున్న ఆనందమ్మకు అది సబబుగానే తోచింది. ఇదే వంకలో ఎండ్రకాయలు పట్టి ఐరాల సంతలో అమ్మిన మనిషి. ఫ్యాక్టరీ వచ్చాక ఎండ్రకాయలు చావడం మొదలైంది. తర్వాత బావి నీళ్లకు పులిసిన వాసన పట్టింది. ముప్పై ఇళ్లకు ఆ బావే దిక్కు. ఫ్యాక్టరీ ఇప్పుడు రెండో ప్లాంటు అడుగుతోంది. వంక ఆరోగ్యంగా ఉందని కాలుష్య నియంత్రణ అధికారి రాస్తే అనుమతి వస్తుంది. ఆ అధికారి మధ్యాహ్నం వస్తున్నాడు. ఈ సంగతి రఘునాథ్ చెప్పలేదు.

చెప్పింది ఆమె మనవరాలు నిస్సీ. చిత్తూరులో జంతుశాస్త్రం చదువుతోంది. పరుగున వచ్చింది.

"అవ్వా, ఏం జేస్తాండావు? ఆ జిగురు, కుళ్లు నీళ్లలోనే పుట్టే ఆ ఎర్ర పురుగులే గదా ఫ్యాక్టరీ మీద మన సాక్షులు!"

"మురికి తోమితే తప్పా మే?"

"ఈ పొద్దు తప్పే."

పీచులు ఆగాయి. అప్పటికే బావి దాకా తోమేశారు. కూలోళ్ల గొంతును కూలోళ్ల చేతే కోయించడం యజమానులకు కొత్త కాదు.

అధికారి వచ్చాడు. రఘునాథ్ గొడుగు పట్టాడు. అధికారి సీసాలో నీళ్లు నింపాడు, మూడు రాళ్లు తిప్పి చూశాడు. నిస్సీ తూముకు ఎగువ నుంచి ఒక రాయి తెచ్చింది. దాని అడుగున తోకల పురుగులు కదులుతున్నాయి.

"సార్, ఇవి మంచి నీళ్లలోనే బతుకుతాయి. దిగువన ఒక్కటీ లేదు."

"పురుగులున్న రాయి మంచిదా? లేని రాయి చెడ్డదా? ఏ కాలేజీ అమ్మా నీది?"

ఫ్యాక్టరీ మనుషులు నవ్వారు.

బడి వరండాలో సభ పెట్టారు. వంక ఆరోగ్యం తృప్తికరం అని అధికారి చదివాడు. ఆనందమ్మ లేచింది.

"గమ్మునుండు మే," అన్నాడు పల్లె పెద్ద గోవిందయ్య. "సీజన్లో పనిచ్చేది వాళ్లే."

"పనికి పొయ్యి మన బావిని మనమే పూడ్సినామప్పా. రేపు పని తాగి బతుకుతావా?" అని, ఆమె అధికారి వైపు తిరిగింది. "సారూ, ఆ రాళ్లు మేము తోమినాము. రఘునాథు తోమించినాడు."

"నేను చెప్పలేదు సార్," అన్నాడు రఘునాథ్.

"తనిఖీకి ముందు ఆనవాళ్లు చెరిపారా? అది నేరం," అన్నాడు అధికారి. బందోబస్తుకు వచ్చిన ఎస్సై ఆనందమ్మను జుట్టు పట్టి ఈడ్చాడు. నిస్సీ అడ్డం పోయింది. కానిస్టేబుల్ లాఠీ ఆమె మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వరండా చివరి దాకా వినిపించింది.

పొద్దున వంకలో తోమిన ఆదిలక్ష్మమ్మ లేచింది.

"రెండు నూర్ల గజాలు ముసల్ది ఒక్కతే యాట్ల తోముతాదబ్బా? నా పేరూ రాసుకో."

"నాదీ."

"నేను దాని పక్కనే ఉండాను, నన్నిడిస్తే ఊరుకోను."

మిగతా పన్నెండు మందీ లేచారు. జీపులో ఆరుగురే పట్టారు. మిగిలినవాళ్లు స్టేషనుకు నడిచారు. వెనక పల్లె నడిచింది, విరిగిన చేతిని చున్నీతో కట్టుకుని నిస్సీ కూడా. అందరికంటే చివర గోవిందయ్య.

స్టేషనులో రైటర్ ఒక్క వాక్యం రాసి వేలిముద్ర అడిగాడు: నేరం ఒప్పుకుంటున్నాము.

"ఏం నేరం? ఏం తోమినామో అంతా రాయాల. ల్యాకుంటే వేలెయ్యం," అంది ఆనందమ్మ.

బయట గేటు ముందు పల్లె కూర్చుంది. ఎస్సై కిటికీలోంచి చూసి, రాయమన్నాడు.

తూము కింద వేలు మందం తెల్ల జిగురు. పది అడుగుల దిగువన నల్ల బురద, కుళ్లిన గుడ్డు వాసన, ఎర్ర పురుగులు. మలుపు దగ్గర రెండు గంపల చచ్చిన ఎండ్రకాయలు, రఘునాథ్ దగ్గరుండి పూడ్పించాడు. ఒక్కొక్కరు తాము తోమిన చోటు చెప్పారు. ప్రతి కాగితం మీద రఘునాథ్ పేరు పడింది. అధికారి రాయని వంక, నేరాంగీకారంగా, సర్కారు కాగితం మీదికి వస్తోంది.

పదో వాంగ్మూలం దగ్గర రైటర్ పెన్ను కింద పెట్టాడు.

"చాలు కదమ్మా."

"ఇంకా బావి కాడికి రాలా సారూ," అంది ఆనందమ్మ. "పెన్ను పట్టు."