కాగితం మీద వ్యాపారి

గెడ్డలో నడుములోతు నీళ్లలో నిలబడి, ఇరవై రోజులు నానిన గోగుకట్టల్ని చీల్చి నార తీస్తున్నాడు సూరయ్య. ఆ కంపు అలవాటు లేనివాడికి కడుపులో తిప్పుతుంది. సూరయ్యకు మాత్రం అది ఏడాది తిండి వాసన. నాలుగో కట్ట చేతిలోకి తీసుకుంటూ ఉండగా అతని పెళ్లాం గురమ్మ గట్టు మీద పరుగెత్తుతూ వచ్చింది.

"మావా! ఓ మావోయ్! ఒగ్గీసి రా! మన ఎడ్లని ఇప్పీసి తోలుకుపోతన్నారు!"

"ఎవులే?"

"సర్కారోలు! అమీనంట. మునసబుగారి తలారి కూడా ఉన్నాడు. నానడ్డం పడితే పక్కకి తోసీసినారు!"

సూరయ్య కట్ట నీళ్లలోనే వదిలేసి, గోచీతో, ఒళ్లంతా బురదతో, అలాగే ఇంటికి పరుగెత్తాడు.

అప్పటికే తలారి ఎడ్లను వీధిలోకి తెచ్చాడు. జప్తుకొచ్చిన అమీను గొడుగు చంకలో పెట్టుకుని కాగితం చూసుకుంటున్నాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు, ఎండకు అలిసిపోయి ఉన్నాడంతే.

"బాబ్బాబు, కాడెడ్లు బాబూ. రైతుకాడ కాడెడ్లని పట్టుకోకూడదంటారు గదా," అన్నాడు సూరయ్య చేతులు జోడించి.

"పట్టుకోకూడదు, నిజమే. రైతైతే," అన్నాడు అమీను. "ఇందులో నువ్వు రైతువి కాదు. నార వ్యాపారివి. అమ్మకం పన్నూ జరిమానా కలిపి ఏడువందల ఇరవై బాకీ. ఇవి వ్యాపారి బండి ఎడ్లు. శనివారం గజపతినగరంలో వేలం. ఈలోగా కడితే తోలుకుపో."

"యాపారినా? నానా?"

సూరయ్య తన ఒంటి మీద కారుతున్న బురదను చూసుకున్నాడు. రెండెకరాల మెట్ట, ఒక పూరిల్లు, ఒక బండి, రెండెడ్లు. ఇదీ అతని వ్యాపారం.

ఎర్రెద్దు కదలనని మొరాయించింది. దానికి పొద్దుటి కుడితి పడలేదు. గురమ్మ ఏడుస్తూనే కుడితి గోలెం ఈడ్చుకొచ్చి దాని మూతి ముందు పెట్టింది. "తాగనియ్యండి, సచ్చినోళ్లారా! మీదేటి పోనాది!" అంటూ శాపనార్థాలు పెడుతూ, రెండూ తాగేదాకా తలారిని తాడు ముట్టుకోనివ్వలేదు. అమీను గొడుగు విప్పి, దాని నీడలోకి తల తిప్పుకుని నిలబడ్డాడు. తరవాత ఎడ్లు వెళ్లిపోయాయి.

ఇంతకీ సూరయ్య ఎప్పుడు వ్యాపారి అయ్యాడో అతనికే తెలీదు. అతని చేతి చలవే అతని కొంప ముంచింది, అదీ అసలు సంగతి. గెడ్డవలసలో అందరివీ చిన్న కమతాలే. ఎవరి నార వాళ్లు విడిగా సంతకు పట్టుకెళితే కాటా దగ్గర షావుకారి మనిషి చీదరించుకుంటాడు, తరుగు ఎక్కువ లాగుతాడు. అందుకని పదిమంది నారా సూరయ్య బండికెత్తి, సూరయ్య పేరున తూయిస్తారు. ఒక ఏడు ముచ్చటపడి పక్కింటి దాలయ్య పేరున తూయిస్తే ఆ వారమే ధర పడిపోయింది. మళ్లీ సూరయ్య పేరు తప్ప ఇంకెవరి పేరూ ఊరు పెట్టనివ్వలేదు. "సూరయ్య పేరైతే కలిసొస్తాది" అని ఊరంతా అంటూ ఉంటే అతనికీ లోపల కాస్త గర్వంగానే ఉండేది. తూకం పట్టీ అతని పేరున వస్తుంది. డబ్బు తెచ్చి దాలయ్య అరుగు మీద ఎవరిది వాళ్లకి పంచేస్తాడు. బండి కిరాయి తప్ప అతనికి మిగిలేది ఏమీ లేదు.

కిందటేడు పన్నులవాళ్లు షావుకారి పుస్తకాలు తిరగేస్తే, పదమూడు బళ్ల నార, పన్నెండువేల రూపాయల సరుకు అమ్మిన సూరయ్య అనే పెద్దమనిషి కనిపించాడు. ఇంకేం, నోటీసు పంపారు.

సూరయ్య దాన్ని తీసుకుని గజపతినగరం సంతవీధిలో పన్ను కాగితాలు రాసే నరసింగరావు దగ్గరికి వెళ్లాడు. ఒకప్పుడు ప్లీడరు గుమాస్తాగా పనిచేసిన మనిషి. ఇత్తడి చట్రం కళ్లజోడు, ముందు ఏటవాలు పెట్టె, పక్కన సిరాదిండు. పంతులని పిలిచే పది గ్రామాల రైతులకు ఆయన మాటే సర్కారు మాట.

"నార అమ్మావా?" అని అడిగాడు ఆయన.

"అమ్మినాను బాబూ."

"నీ పేరునేనా?"

"నా పేరునే బాబూ."

ఆ నార ఎవరిదని ఆయన అడగలేదు. అడగని సంగతి చెప్పడం పెద్దమనిషి ముందు మర్యాద కాదని సూరయ్య చెప్పలేదు. ఆ పూట ముందొచ్చిన బెల్లం వ్యాపారి కాగితం పెట్టె మీదే ఉంది. దాన్నే చూసి, బెల్లం ఉన్నచోట నార అని వేసి, గంటలో తేల్చేశాడు నరసింగరావు. పదిహేను రూపాయలు పుచ్చుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. రాసింది చదివి వినిపించమని సూరయ్య అడగలేదు. అలా అడిగితే రాసినాయన్ని దొంగ అన్నట్టే లెక్క. ఎంత పాడు మర్యాద! ఎన్ని కొంపలు కూల్చిందో ఆ మర్యాద! ఇంటి పంట అమ్ముకునే రైతుకు ఆ పన్నే లేదు. 'ఈ నార పదిమంది రైతులది' అని ఒక్క వాక్యం రాసుంటే సరిపోయేది.

పన్ను కట్టమని ఆర్డరు వచ్చినప్పుడూ సూరయ్య ఆయన దగ్గరికే పరుగెత్తాడు. "అప్పీలు వేస్తాన్లే, నీకెందుకు!" అని ఆయన మరో పది పుచ్చుకున్నాడు. అప్పీలుకు గడువు ముప్ఫై రోజులు. ముప్ఫై రోజులూ ఆ కాగితం ఆయన రేకుపెట్టెలోనే పడుకుంది.

జప్తు జరిగిన మర్నాడు మొగుడూ పెళ్లాలిద్దరూ బస్సెక్కి విజయనగరం పన్నుల ఆఫీసుకు వెళ్లారు. మధ్యాహ్నందాకా గుమ్మంలో నిలబడితే, రిటైరు కాబోతున్న ఒక ముసలి గుమాస్తా జాలిపడి ఫైలు తీయించి చూశాడు.

"నీ చేత ఎవరయ్యా ఇలా రాయించింది? నీ నోటితో నువ్వే వ్యాపారినని ఒప్పుకున్నట్టుంది," అన్నాడు. "ఒకటే దారి. రాసినాయన, నేను విచారించకుండా తప్పు రాశాను, గడువు కూడా నా వల్లే దాటింది అని రాసి సంతకం పెట్టాలి. నారగల రైతులు వచ్చి అది మాదేనని చెప్పాలి. ఆ రెండూ తెస్తే ఆఫీసరుగారు కేసు మళ్లీ తెరుస్తారు. వేలం ఆపుతారు. తప్పని తేలితే పన్నూ పోతుంది, జరిమానా పోతుంది."

ఆ రాత్రి దాలయ్య అరుగు మీద సూరయ్య ఈ మాట చెప్పాడు. పదిమందీ నేల చూపులు చూశారు.

"నార మాదే. కాదనం సూరయ్యా," అన్నాడు దాలయ్య. "గానీ మా పేర్లూ కాగితానికెక్కితే మా ఎడ్లూ పోవా? ముందల ఆ పంతులు సేత తప్పని రాయించుకురా. అది సూత్తే మాకూ ధైర్యం వస్తాది. అప్పుడు పదిమందిమీ ఎల్దాం."

సూరయ్యకు ఒళ్లు మండింది. తన పేరు కలిసొచ్చినన్నాళ్లూ వాడుకున్నారు, ఇప్పుడు కలిసిరాకపోతే తనొక్కడే మునగాలా అని అడుగుదామనుకున్నాడు. కానీ వాళ్ల మొహాల్లో భయం చూస్తే, నిన్న అమీను ముందు తన మొహం కూడా అలాగే ఉండి ఉంటుందనిపించింది. లేచి ఇంటికొచ్చాడు.

వేలానికి రెండు రోజుల ముందు, గురువారం సంత. నరసింగరావు అరుగు నిండా జనం. గురమ్మ భుజాన రెండు కొత్త పలుపుతాళ్లు వేసుకుని మెట్ల కింద నిలబడింది. పంతులు రాసి ఇచ్చేస్తాడు, ఆ కాగితం పట్టుకెళ్లి ఎడ్లను తోలుకొచ్చేద్దామని ఆవిడ ఆశ.

"రావోయ్ సూరయ్యా. విన్నాను, పాపం," అన్నాడు నరసింగరావు.

సూరయ్య వచ్చిన పని చెప్పాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు చెప్పిందే కదోయ్ నేను రాశాను?"

"నాను సెప్పనేదు బాబూ. తవరడగనేదు."

"అదిగో, మాట మీరుతున్నావు." ఆయన గొంతు తగ్గించాడు. "తప్పు రాశానని నేను సంతకం పెడితే రేపు ఈ అరుగు ఎవడెక్కుతాడు? నా ఇంట్లోనూ ఐదుగురున్నారు తినేవాళ్లు."

"మరి మా ఎడ్లు బాబూ?"

ఆయన లేచి లోపలికెళ్లాడు. వచ్చి నూటయాభై రూపాయలు పెట్టె మీద పెట్టాడు. ఒక కాగితం తీసి చకచకా నాలుగు ముక్కలు రాశాడు.

"ఇది నా సొంత డబ్బు. నిన్ను చూసి జాలేసి ఇస్తున్నా. మిగతాది ఎక్కడైనా సర్దుకుని శనివారంలోగా కట్టు. దీని మీద వేలు వెయ్యి, చాలు."

నూటయాభై తక్కువ డబ్బేం కాదు. మిగతాది ఊళ్లో తలా కొంచెం అడిగితే ఎర్రెద్దునైనా విడిపించుకోవచ్చేమోననిపించింది సూరయ్యకు. చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. నరసింగరావు అతని బొటనవేలు పట్టుకుని సిరాదిండు మీద ఒత్తాడు.

"మావా," అంది గురమ్మ మెట్ల కింద నుంచి. "ఏటి రాసినాడో అడగవేటి?"

అరుగు మీది జనమంతా మెట్ల వైపు తిరిగారు. నరసింగరావు మొహం మాడిపోయింది.

"ఏం సూరయ్యా? నా మీద నమ్మకం లేదా?"

సూరయ్యకు తల కొట్టేసినట్టయింది. పుట్టి బుద్ధెరిగాక ఏ పెద్దమనిషినీ అతను ఆ మాట అడగలేదు. అయినా అడిగాడు.

"ఓపాలి సదివీయండి బాబూ."

నరసింగరావు విసురుగా కాగితం ఎత్తి, ఊపిరి తీసుకోకుండా చదివాడు. "గెడ్డవలస కాపురస్తుడు, నార వ్యాపారి సూరయ్య అను నేను, నా వ్యాపార వివరములు నేనే చెప్పి రాయించుకొనినందున, నరసింగరావు గారి వలన నాకు ఏ నష్టమూ కలగలేదనియు, ఇక ముందు ఎట్టి తగవూ పెట్టననియు..."

"ఆగండి బాబూ. నా పేరుకి ముందలున్న మాట ఏటి?"

"నార వ్యాపారి."

"అది కొట్టీసి రైతని రాయండి. తప్పు తవరిదని రాసి కింద తవరి సంతకం ఎట్టండి. ఆ డబ్బులు కూడా నాకొద్దు."

"అలా రాస్తే నా తప్పు ఒప్పుకున్నట్టే కదోయ్!"

"అవును బాబూ. దానికే వొచ్చినాను."

నరసింగరావు నోట్లు తీసి పెట్టెలో వేసుకున్నాడు. "అయితే ఇదీ లేదు. ఎల్లుండి వేలం. ఎవడు రాసిస్తాడో చూస్తాను."

ఎడ్లు పోతాయేమోనన్న భయం సూరయ్యకు అలాగే ఉంది. సిరా అంటిన బొటనవేలిని అరచేతిలోకి ముడిచి పిడికిలి బిగించాడు.

"నానెయ్యను బాబూ," అన్నాడు. వెళ్లి గురమ్మ పక్కన, కింది మెట్టు మీద కూర్చున్నాడు. "రైతని రాసినదాకా ఇక్కడే కూకుంటాను."

"కూర్చో, నాకేం!" అని నరసింగరావు పక్కకు తిరిగాడు. గరివిడి వైపు నుంచి వచ్చిన ముసలి రైతు ఒకడు పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నాడు. అతని కాగితం రాయడం ఎప్పుడో అయిపోయింది. నరసింగరావు దాన్ని అతని ముందుకు తోశాడు. ముసలాయన అలవాటుగా బొటనవేలు సిరాలో అద్దాడు. అద్ది, ఒకసారి మెట్ల వైపు చూశాడు. గురమ్మ భుజాన ఖాళీ పలుపుతాళ్లు కనిపించాయి.

"ఊఁ, వెయ్యి," అన్నాడు నరసింగరావు.

ముసలాయన వేలు కాగితం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది.

"కోప్పడకండి బాబూ," అన్నాడు. "నాది కూడా ఓపాలి సదివీయండి."