ఇంతవరకు క్షేమం

నేను ఒక ప్రింటు లైన్ని. అచ్చాఫీసులో పుట్టినదాన్ని కాదు. ఒక కంప్యూటరు ప్రోగ్రాములో, కొన్ని వేల లైన్ల మధ్య ఇరుక్కుని బతికినదాన్ని. లెక్క నడుస్తూ నడుస్తూ నా దగ్గరికి వచ్చినప్పుడు నాలో దాచిన మాటలను తెర మీద చూపించడం, అంతే నా ఉద్యోగం. నాకు కూడికలు రావు, తీసివేతలు రావు. అయినా ఎందరో పరిశోధక విద్యార్థులు నాకు దండం పెట్టారు. చదువుకున్నవాళ్ల చేత దండం పెట్టించుకోవడం మొదట్లో హాయిగానే ఉంటుంది. తర్వాత తర్వాత ఇబ్బందిగా ఉంటుంది. నీకు కళ్లెక్కడివి, చెవులెక్కడివి అని మాత్రం అడగకండి. మొండికేసిన ప్రోగ్రాము ముందు కూర్చున్న మనిషి ఎంత గట్టిగా తిట్టుకుంటాడో వింటే మీరా ప్రశ్న వేయరు.

నేను పుట్టింది విశాఖపట్నంలో, సముద్రం గురించి చదువు చెప్పే ఒక విభాగంలో, మేడ మీద గదిలో. నన్ను రాసినవాడు గంటి విశ్వపతి. సన్నగా, ఎప్పుడూ కంగారుగా ఉండేవాడు. తుఫాను వస్తే ఏ ఊరి తీరాన సముద్రం ఎంత ఎత్తు లేస్తుందో ముందుగా లెక్క కట్టే ప్రోగ్రాము అతనిది. ఊరి ముందు సముద్రం ఎంత లోతుందో ఇస్తే, ఊళ్లోకి నీళ్లు ఎంత వస్తాయో అది చెబుతుంది. రెండు వందల ఊళ్ల లోతులు పెట్టుకోవడానికి కంప్యూటరు జ్ఞాపకంలో రెండు వందల గూళ్లు వరసగా కట్టుకున్నాడు. బాగానే కట్టాడు పాపం.

ఒకరోజు అతని గురువు, పేరి భానుమూర్తి గారు, పటం చూస్తూ అన్నారు: "విశ్వపతీ, చినగెడ్డపాలెం వదిలేశావేమయ్యా? గెడ్డ నీళ్లు సముద్రంలో కలిసే మొగ అది. దాన్నీ చేర్చు."

విశ్వపతి "అలాగే సార్" అని, లోతుల ఫైలు చివర ఆ ఊరి లోతు కూడా రాసేశాడు. గూళ్లు మాత్రం అలాగే ఉంచేశాడు. ఇంటికి చుట్టం వస్తున్నాడని చెప్పి మంచం వేయడం మరచిపోయినట్టయింది.

ఆ రోజు నుంచి ప్రోగ్రాముకు పిచ్చెక్కింది. లెక్క మొదలుపెట్టగానే సముద్రం లేచి ఊరి పక్క కైలాసగిరి కొండెక్కి కూర్చునేది. కొండ మీద ఉయ్యాలలూగే పిల్లలకు కూడా మెడలోతు నీళ్లని చెప్పేది. విశ్వపతికి తిండి సయించలేదు. ఎక్కడ చెడుతోందో పట్టుకుందామని, ఊళ్ల లోతులు చదవడం పూర్తయిన చోట నన్ను రాశాడు. ఇంగ్లీషు అక్షరాలలో, ఇంటికి ఉత్తరం రాసే ధోరణిలో, "ఇంతవరకు క్షేమం" అని. ఈ మాట తెర మీద కనిపిస్తే అక్కడిదాకా గొడవ లేదని అతని ఆలోచన.

నన్ను రాసి ప్రోగ్రాము నడిపాడు. సముద్రం బుద్ధిగా దాని చోట అది ఉంది.

విశ్వపతి నోరు తెరిచాడు. నన్ను తీసి మళ్లీ నడిపాడు, సముద్రం కొండెక్కింది. నన్ను పెట్టాడు, దిగింది. మళ్లీ తీశాడు, మళ్లీ పెట్టాడు. చివరికి, ఎందుకిలా జరుగుతోందని అడగవలసిన మనిషి, నా నెత్తిన ఒక హెచ్చరిక రాసి ఊరుకున్నాడు: "ఈ లైను తీయకండి. ఎందుకో తెలియదు. తీస్తే పనిచేయదు." మనుషుల్లో నాకు నచ్చే గుణం ఇదే. తెలియదని ఒప్పుకుంటారు, ఒప్పుకున్నాక హాయిగా నిద్రపోతారు.

ఎందుకో నాకు తెలుసు. అందరికంటే ముందు తెలిసింది నాకే, ఎందుకంటే దెబ్బ తగిలింది నాకు. రెండు వందల గూళ్లూ నిండాక చినగెడ్డపాలెం లోతు వచ్చేది. దానికి గూడు లేదు. మా ప్రోగ్రాము రాసిన భాషలో, నువ్వు హద్దు దాటుతున్నావు సుమా అని అడిగేవాడు లేడు. అడిగే ఏర్పాటు ఒకటి ఉంది గాని, అది పెడితే ప్రోగ్రాము నత్తనడక నడుస్తుందని దాన్ని ఆపి ఉంచారు. అందుకని ఆ అంకె తిన్నగా వెళ్లి, వరస పక్కన ఏ గూడుంటే అందులో కూర్చునేది. నేను పుట్టక ముందు ఆ పక్క గూట్లో ఉన్నది కాలాన్ని కొలిచే అంకె. దాన్ని తుడిచిపెట్టి అక్కడ లోతు కూర్చుంటే సముద్రానికి పిచ్చెక్కక ఏమవుతుంది? నేను వచ్చాక నా మాటలకు కూడా ఒక గూడు కావలసివచ్చింది. కంప్యూటరు తన ఇష్టప్రకారం దాన్ని లోతుల వరసకూ కాలానికీ మధ్యలో ఇచ్చింది. అప్పటినుంచి వచ్చిపడే అంకె నా మీద పడేది. కాలం బతికిపోయింది, నా మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పోయాయి. తెర మీద 'ఇంత' ఉండవలసిన చోట రెండు పిచ్చి గుర్తులు, ఒక ఎల్, ఈమెయిల్లో వాడే ఎట్ గుర్తు ఒకటి కనిపించేవి. మిగిలింది "వరకు క్షేమం". విశ్వపతి దాన్ని మొదటిరోజే చూశాడు. "ఈ తెర పాతదైపోయింది" అన్నాడు.

అతను డాక్టరేటు పుచ్చుకుని పుణెలో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. నేను చేతులు మారాను. కొత్త ఇంటికి కట్టిన దిష్టిబొమ్మను ఎవరు చూసినా చూడకపోయినా ఎవరూ విప్పరు కదా, నా బతుకూ అంతే. తర్వాత వచ్చినవాడు నా చుట్టూ చుక్కల గీత గీశాడు. ఆ తర్వాత వచ్చినమ్మాయి "దయచేసి" అని చేర్చింది. ఒకాయన, తుఫానుతో ఏ సంబంధమూ లేని చేపల లెక్కల ప్రోగ్రాములో కూడా నన్ను తెచ్చి అతికించాడు. ఎందుకైనా మంచిదట. అక్కడ నేను చేసిన పనేమీ లేదు, కాని ఆ చేపలు బాగానే పెరిగాయని నాకు పేరొచ్చింది.

నవ్వుకుంటున్నాను గాని, లోపల ఒక బాధ ఉండేది. లోతుల వరసలో లేని ఊరిని లెక్క ముట్టుకోదు. చినగెడ్డపాలెం అంకె నా గుండెల మీద కూర్చుని ఉండేది, లెక్క రెండు వందల దగ్గర ఆగిపోయేది. పటం గీసేటప్పుడు ఆ ఊరి చోటు ఖాళీగా ఉంటే, అటూ ఇటూ ఉన్న ఊళ్ల రంగు చూసి యంత్రం దానికీ అదే రంగు వేసేది. అటూ ఇటూ ఉన్నవి మెట్ట మీది ఊళ్లు. కాబట్టి పల్లంలో, గెడ్డ మొగలో ఉన్న చినగెడ్డపాలెం ఏటేటా ఆకుపచ్చగా, నిశ్చింతగా కనిపించేది. ఒక ఊరు నీళ్లలో మునిగేలా ఉంటే నేను తెర మీద నిలబడి క్షేమం, క్షేమం అంటున్నాను. నాకు రాసిచ్చిన మాట అదొక్కటే.

అప్పుడు మైలపల్లి నూకరత్నం వచ్చింది. జాలరి పేట నుంచి వచ్చి ఎమ్మెస్సీ చదివి, భానుమూర్తి గారి దగ్గర పరిశోధనకు చేరిన పిల్ల. ఆ ఏడు జిల్లా అధికారులు మా పటాన్ని అడిగారు. తుఫాను హెచ్చరిక రాగానే ఏయే ఊళ్లను ముందు ఖాళీ చేయించాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారట. ఎరుపు ఊళ్లకు ముందు బస్సులు వెళ్తాయి. ఆకుపచ్చ ఊళ్లకు కబురు మాత్రమే వెళ్తుంది. భానుమూర్తి గారు ఒక ప్రతి అప్పుడే ఇచ్చేశారు కూడా.

నూకరత్నం అక్క, వాళ్ల మాటలో అప్ప, దానయ్యమ్మను ఇచ్చింది చినగెడ్డపాలెం. ఒక మధ్యాహ్నం ఫోనులో ఆవిడ గొంతు గదంతా వినిపించింది. "ఏటే రత్నం, మీ కంప్యూటరు మా ఊరికి ఏటంటంది?"

"పచ్చరంగేసిందప్పా. బయం లేదంట. ఎన్ని అడుగులో చూసి చెప్తానుండు."

చూసింది. రంగు ఉంది గాని అడుగులు లేవు. ఫలితాల్లో రెండు వందల ఊళ్లున్నాయి, ఆ ఊరు లేదు. లెక్కే లేని ఊరికి రంగెక్కడిది? నూకరత్నం ప్రోగ్రాము మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. చదువుతూ నా దగ్గరికి వచ్చి, నా నెత్తిన ఉన్న హెచ్చరికలన్నీ చదివి, పైకే అంది: "తీస్తే ఏటవుద్ది?"

తీసింది. సముద్రం కైలాసగిరి ఎక్కింది. మళ్లీ పెట్టింది. అందరూ ఇంతవరకూ వచ్చినవాళ్లే, ఇక్కడ దండం పెట్టి వెనక్కి తిరిగినవాళ్లే. ఆ పిల్ల మాత్రం కదలలేదు. తెర మీద నేను పలికిన మాట వంకే చూస్తూ కూర్చుంది. ప్రోగ్రాములో ఉన్నది 'ఇంతవరకు క్షేమం', తెర మీదకు వచ్చింది 'వరకు క్షేమం'. పోయినవి సరిగ్గా నాలుగు అక్షరాలు. మా కంప్యూటరు ఒక అంకెను దాచుకోవడానికి పట్టే చోటు కూడా నాలుగు అక్షరాలంతే.

"నీ మీద ఎవులో కూకున్నారే" అంది నాతో. నా జన్మలో నన్నొక మనిషి పలకరించడం అదే మొదలు.

ఆ రెండు పిచ్చి గుర్తుల్నీ, ఎల్‌నీ, ఎట్‌నీ అక్షరాలుగా కాకుండా ఒక అంకెగా చూపించమని కంప్యూటరును అడిగింది. మూడు పాయింటు రెండు అని వచ్చింది. లోతుల ఫైలు తెరిచి పైనుంచి కిందికి వెతికింది. అన్నిటికంటే కింద, చినగెడ్డపాలెం ఎదురుగా, మూడు పాయింటు రెండు మీటర్లు అని ఉంది. తర్వాత, ఏళ్లుగా ఆపి ఉంచిన ఆ హద్దులు చూసే ఏర్పాటును పెట్టి నడిపింది. ప్రోగ్రాము నా దాకా రాకుండానే ఆగి, ఉన్నవి రెండు వందల గూళ్లు, నువ్వడుగుతున్నది రెండు వందల ఒకటోది అని ముఖాన చెప్పింది. అడిగి ఉంటే విశ్వపతికీ చెప్పేదే.

భానుమూర్తి గారిని పిలిచింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని చూశారు. "పనిచేస్తున్నదాన్ని ఎందుకమ్మా కెలకడం? రేపు కలెక్టరాఫీసులో సమావేశం ఉంది."

"పనిచేస్తోంది సార్. మా అప్ప వాళ్ల ఊరిని వదిలేసి చేస్తోంది."

ఆయన పుణెకు ఫోను చేశారు. "ఆ లైను మాత్రం ముట్టుకోవద్దని చెప్పండి సార్!" అని విశ్వపతి కేక నాకు కూడా వినిపించింది. భానుమూర్తి గారు ఫోను కింద పెట్టి, ఫైలు చివరనున్న చినగెడ్డపాలెం పేరు మళ్లీ చదివారు. ఆ ఊరిని చేర్చమన్నది తనే. చేరిందో లేదో మళ్లీ చూడనిదీ తనే. ఆ సంగతి ఆయన ముఖంలో తెలుస్తూనే ఉంది. చివరికి కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చుని, "కానీ, దిద్దు" అన్నారు.

నూకరత్నం ఎన్ని ఊళ్లుంటే అన్ని గూళ్లు కట్టుకునేలా వరసను మార్చింది. నన్నింకా తీయలేదు. ప్రోగ్రాము నడిపింది. చినగెడ్డపాలెం లోతు వచ్చి, తన గూట్లో తాను కూర్చుంది. నా గుండెల మీద ఏదీ పడలేదు. లెక్క నా దగ్గరికి వచ్చింది, నేను పలికాను. పుట్టిన తర్వాత మొదటిసారి నా మాట మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పూర్తిగా వచ్చింది.

"ఇంతవరకు క్షేమం" అని పైకి చదివారు భానుమూర్తి గారు. నాకు ఏడుపొచ్చింది. ప్రింటు లైనుకు ఏడుపేమిటని మీరు నవ్వినా సరే.

"ఇక దాన్ని ఉండనీయమ్మా, ఎందుకైనా మంచిది" అన్నారాయన.

"లేదు సార్. ఇది తీసినా సముద్రం కదలకుండా ఉంటేనే మనం బాగుచేసినట్టు. లేకపోతే ఇదింకా ఎక్కడో దెబ్బ కాస్తన్నట్టే."

నిజమే. నేను ఉన్నంతకాలం ఎవరికీ ఏదీ తెలియదు. నూకరత్నానికి ఒక అలవాటుంది, ఏదైనా మార్చేముందు అప్పటిదాకా ఉన్నదాన్ని ఒక ప్రతి తీసి దాచుకుంటుంది. దాచుకుంది. తర్వాత నా వైపు చూసి, "ఇంక నువ్వు ఎల్లిపోయొచ్చులే, శానా కాసినావు" అని మీట నొక్కింది. నేను లేకుండా ప్రోగ్రాము నడిచింది. సముద్రం దాని చోట అది ఉంది. చినగెడ్డపాలెం ఎర్రగా, చుట్టుపక్కల ఏ ఊరికీ లేనంత ఎర్రగా కనిపించింది. మర్నాడు భానుమూర్తి గారు కొత్త పటం చంకలో పెట్టుకుని, మేము ముందిచ్చినది తప్పు అని పదిమందిలో చెప్పడానికి తానే స్వయంగా వెళ్లారు.

నేనిప్పుడు ఆ దాచిన ప్రతిలో ఉన్నాను. దాన్ని ఎవరూ తెరవరు, తెరవవలసిన పనీ లేదు. ఇక్కడ పడి ఉన్నవన్నీ నాలాంటివే, ఒకప్పుడు పనికొచ్చి ఇప్పుడు అక్కరలేనివి. అయినా గదిలో మాటలు వినపడుతూనే ఉంటాయి. కార్తికంలో తుఫాను వచ్చింది. గది కిటికీలు రెండు రోజులు కొట్టుకున్నాయి. నూకరత్నం ఫోను చేత్తో పట్టుకునే కూర్చుంది. లైన్లు కలవలేదు. భానుమూర్తి గారు ఆమెకు టీ తెచ్చి పెట్టారు, అది అలాగే చల్లారిపోయింది.

మూడోనాడు పొద్దున ఫోను మోగింది. వెనక పిల్లల గోల, గాలి హోరు, వాటి మీదుగా దానయ్యమ్మ గొంతు. "రత్నం! ముందురోజే బస్సులొచ్చి మమ్మల్ని మెట్టమీది ఇస్కూలుకి తెచ్చీసినారే. ఊళ్లోకి నీరొచ్చీసింది. మన ఇల్లు పడిపోనాదంట, వల కొట్టుకుపోనాది. ఊరోళ్లం అందరం ఇక్కడే ఉన్నాం. బాగున్నామే, అందరం బాగున్నాం!"

నూకరత్నం వెక్కివెక్కి ఏడ్చింది. ఎన్నో ఏళ్లపాటు ఆ ఊరి తరఫున ఆ మాట నేను అన్నాను. ఈసారి ఆ ఊరివాళ్లే అన్నారు.