ఫర్నేసుకు నీళ్ళు

ఫర్నేసు నుంచి వెనక్కి వచ్చే నీళ్ళ గొట్టాన్ని పద్మప్రియ ముట్టుకుని చటుక్కున వేలు తీసేసింది. అన్నానికి పోయేటప్పుడు గోరువెచ్చగా ఉన్న గొట్టం ఇప్పుడు కాలుతోంది.

ఫర్నేసు వేడి పద్నాలుగు వందల డిగ్రీలు దాటింది. దాని నడుమనున్న పింగాణీ గొట్టంలో హైడ్రోజన్ పారుతోంది. గొట్టం రెండు చివరలా రబ్బరు సీళ్ళు. వాటిని చల్లగా ఉంచేది ఈ నీళ్ళే. రబ్బరు కరిగితే గాలి లోపలికి పోతుంది. గాలీ, హైడ్రోజనూ, అంత వేడీ ఒకచోట చేరితే ఏమవుతుందో బదరీనారాయణ సార్ మొదటి క్లాసులోనే చెప్పాడు. పేలుడేనని ఆయన గొంతు పెంచకుండానే చెప్పాడు.

అది మూడు విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతున్న ఎం.టెక్ కోర్సు. కొత్త రకం లోహాల మీద, పింగాణీల మీద. పాఠాలు ఒకచోట, మైక్రోస్కోపులు ఇంకోచోట, ఫర్నేసు మాత్రం అనంతపురంలో. ఒక్కో జట్టులో వేర్వేరు చోట్ల చదివే ఇద్దరుంటారు. పద్మప్రియ ఇక్కడి విద్యార్థిని, శింగనమల దగ్గర శనక్కాయ పండించే రైతుల ఇంటి పిల్ల. ఆమె జతగాడు భరత్‌కుమార్ హిందూపురం బట్టల వ్యాపారి కొడుకు, చదివేది బెంగళూరులో. నెలల తరబడి టంగ్‌స్టన్ పొడి నూరి, బిళ్ళలుగా అదిమి, దూది పరిచిన డబ్బాలో సర్ది, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఆ బిళ్ళలే ఇప్పుడు ఫర్నేసు గొట్టంలో కాలుతున్నాయి. ఫర్నేసు వాళ్ళ వంతుకొచ్చింది ఈ వారమే. సోమవారం మూడుచోట్ల ప్రొఫెసర్లూ వచ్చి కూర్చుంటారు.

2003 వేసవి అది. వానల్లేక క్యాంపస్ బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాయి.

హైడ్రోజన్ ఆపేద్దామంది పద్మప్రియ. భరత్ మీటరు మీది నుంచి చూపు తిప్పలేదు. ఇంకొంచెంసేపు ఆగమన్నాడు. ఇప్పుడు ఆపితే బిళ్ళల్లోని పొడి సరిగా కూడుకోదనీ, చేత్తో పట్టుకుంటే బిళ్ళలు విరుగుతాయనీ అన్నాడు.

ఆమె వెనక తలుపు తీసి, ఫర్నేసుకు నీళ్ళిచ్చే సంపులోకి తొంగిచూసింది. అడుగున కాసిని నీళ్ళు. పంపు ఆ నీళ్ళతో పాటు గాలినీ పీలుస్తూ గురగురమంటోంది. గదిలోకి తిరిగొచ్చేసరికి భరత్ సిలిండర్లకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఆర్నెల్ల పని, పద్మా."

"సంపులో నీళ్ళు లేవప్పా. పక్కకు జరుగు."

అతను జరగలేదు. ఆమె భుజం పట్టి నెట్టేసింది. హైడ్రోజన్ మూసింది, నైట్రోజన్ తెరిచింది, వేడి ఆపింది. అన్నీ క్లాసులో చేయించిన వరసలోనే.

అంతటితో గండం గడవలేదు. నైట్రోజన్ లోపలి హైడ్రోజన్‌ను పూర్తిగా నెట్టేసేదాకా సీళ్ళు నిలవాలి. అంత కొలిమి చల్లారాలంటే సాయంత్రమవుతుంది. అందాకా నీళ్ళు కావాలి, ఒకరు నైట్రోజన్ వాల్వు దగ్గర ఉండాలి.

"నువ్వు పో. ఈడ నేనుంటా," అన్నాడు భరత్. అతని ముఖం పాలిపోయి ఉంది. పద్మప్రియ ఒక్క క్షణం అతన్ని చూసి పరుగెత్తింది.

ల్యాబు వెనకే ఆడపిల్లల హాస్టలు. ట్యాంకరు అప్పుడే వచ్చి పోయింది. వరండా పొడుగునా నిండు బకెట్లు, బిందెలు. ఆమె గది సహవాసి చాందిని వాటికి కాపలా కూర్చుని ఉంది. నీళ్ళన్నీ కావాలని పద్మప్రియ ఆయాసపడుతూ అడిగితే చాందిని లేచి అడ్డం నిలబడింది.

"మూడు దినాల మీద వచ్చింది ట్యాంకరు. మేమేం తాగల్ల?"

"ల్యాబు పేలిపోతాది చాందినీ. భరత్ లోపలే ఉండాడు."

వంటామె సుంకమ్మ ఏమీ అడక్కుండా వంటింటి బిందె నెత్తికెత్తుకుంది. ఆమె మెట్లు దిగడం చూసి చాందిని తన బకెట్ తీసుకుంది. ఆ తర్వాత అందరూ కదిలారు. ఎండలో ఉత్తకాళ్ళతో వచ్చి సంపులో నీళ్ళు కుమ్మరించి, మళ్ళీ పోయి తెచ్చారు. పంపు గురక తగ్గి, క్రమంగా నిండుగా ఆడసాగింది. నీళ్ళ గొట్టం చాలాసేపు కాలుతూనే ఉండి, చివరికి ముట్టుకోనిచ్చింది. భరత్ వాల్వు మీద చెయ్యి తీయకుండా అక్కడే ఉన్నాడు. చొక్కా మొత్తం చెమటకు తడిసిపోయింది.

మర్నాడు తెరిచి చూస్తే బిళ్ళలన్నీ నెర్రెలిచ్చి ఉన్నాయి.

సోమవారం వాటినే ప్రొఫెసర్ల ముందు పెట్టారు. ఫర్నేసు వెలిగించే ముందు సంపు ఎవరు చూశారని బెంగళూరు ప్రొఫెసరు అడిగాడు. ఆ రోజు ఫర్నేసు బాధ్యత తనది కాబట్టి పద్మప్రియ లేచి నిలబడింది. ఆ పొద్దున సంపు చూసి రమ్మని ఆమె భరత్‌ను పంపింది, అతను నిండా ఉన్నాయన్నాడు. తర్వాత ఎవరో వాడేసి ఉంటారనుకుంది ఆమె.

"నేను చూసినా సార్," అన్నాడు భరత్. "సగానికన్నా తక్కువుండాయి. చాలుతాయిలే అనుకోని, నిండా ఉండాయని ఈయమ్మకు చెప్పినా."

పద్మప్రియకు చెవులు హోరెత్తాయి. ఆ తర్వాత ప్రొఫెసర్లు ఏమన్నారో ఆమెకు సరిగా వినబడలేదు.

బయట వసారాలో అతను ఏదో చెప్పబోయాడు. ఆమె చెప్పనివ్వలేదు.

"నా సంగతి ఇడ్సిపెట్టు. చాందినీ వాళ్ళు ల్యాబు గోడ పక్కనే నిలబడి నీళ్ళు పోసినారు. పోయి వాళ్ళకు చెప్పు."

అతను వెళ్ళాడు. హాస్టలు గేటు బయట నిలబడి చాందినికి చెప్పడం పద్మప్రియ దూరం నుంచి చూసింది. చాందిని అంతా విని లోపలికి వెళ్ళిపోయింది.

వానలు పడ్డాక ఇంకో అవకాశం ఇస్తామన్నారు, భరత్‌కు మార్కులు కోసి. జతగాణ్ణి మార్చమంటావా అని బదరీనారాయణ సార్ పద్మప్రియను విడిగా పిలిచి అడిగాడు. ఆ పొద్దున అతను అబద్ధం చెప్పాడు. ఆ మధ్యాహ్నం పారిపోయే వీలుండి కూడా గదిలోంచి కదల్లేదు. రెండూ ఆ మనిషే చేశాడు. ఒకదాన్ని చూసి ఇంకొకదాన్ని మరిచిపోవడం ఆమెకు చేతకాలేదు.

మార్చొద్దు సార్, అంది చివరికి.

ఆగస్టులో భరత్ కొత్త బిళ్ళలు తెచ్చాడు. ఈసారి గట్టిగా, నిగనిగలాడుతూ బయటికొచ్చాయి. ఇద్దరూ కోర్సు గట్టెక్కారు. చాందిని మాత్రం అతనితో ఎన్నడూ మాట్లాడలేదు. ఆమెకు నచ్చజెప్పాలని పద్మప్రియ కూడా చూడలేదు.