మట్టికట్టు

బండి అడుగున సుత్తి ఖంగుమన్నంత మేరా తొకుజీ సుద్దముక్కతో గీత గీసుకుంటూ వచ్చాడు. ఎడమ పక్క వెనక చక్రం దాపుకు వచ్చేసరికి ఆ చప్పుడు చచ్చింది. మళ్లీ కొట్టాడు. తడిసిన గోడను కొట్టినట్టుంది.

"చచ్చావే," అన్నాడు బండితో. తుప్పు పెచ్చు ఊడి కంట్లో పడింది. అద్దాలేమో నుదుటి మీద ఉన్నాయి. తప్పు తనదైనా తిట్లు మాత్రం బండే తింది.

బండి కింద నుంచి చక్రాల పలక మీద బయటికి జారాడు. మనిషి పొట్టి, మెడ లావు. వెల్డింగ్ నిప్పురవ్వలు పడీపడీ ముంజేతుల మీద వెంట్రుక మొలవడం మానేసింది. కనుబొమల్లో ఒకటి సగమే ఉంటుంది. పలకరిస్తే మూలుగుతాడు, పలకరించకపోతే అదే మనసులో పెట్టుకుంటాడు. మంచు కరగడానికి చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లే ఊరు కాబట్టి ఇక్కడ బండ్లు అడుగు నుంచి తుప్పు పట్టి పోతాయి. అందుకే ఇతని పనికి కరువు లేదు, ఇతనితో పనికి తప్ప మాటకు వచ్చేవాడూ లేడు.

షెడ్డు గుమ్మం దగ్గర బల్ల మీద అతని వదిన కియొ కూర్చుని ఉంది. తలకు గుడ్డ, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. పొద్దున బండి తోలుకొచ్చి తాళం చెవి తొకుజీ చేతికివ్వకుండా నేల మీద పెట్టింది. షెడ్డు యజమాని తకెనామి పోసిచ్చిన టీ పక్కనే చల్లారిపోయింది.

"ఏం వదినా, ఈ తుక్కును కాటాకి వేసే కొట్టు దొరకలేదా?"

"దొరికింది మరిదీ. వాళ్లు కూడా వద్దన్నాకే నీ మొహం చూడాల్సి వచ్చింది."

వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం తొకుజీ అన్న, కియొ మొగుడు ఎయిసకు అనేవాడు చనిపోయాక ఇదే మొదలు. ఆ చావుకు కూడా తొకుజీ వెళ్లి, ధూపం వెలిగించి, తిండి ముట్టకుండా వచ్చేశాడు. ఆపిల్ తోట, ఇల్లు, కొండ కింది నేల అంతా పెద్దకొడుకుది. ఆ పక్క ఆచారం అంతే. రెండో కొడుక్కి ఒక పరుపు చుట్టి ఇచ్చి, పదిహేనో ఏట ఈ షెడ్డులో దింపేశారు. అందరి ఇళ్లలోనూ జరిగేదే గాని, అందరూ ఇంతకాలం కక్ష మోయరు. తొకుజీ మోశాడు.

తకెనామి లోపలి నుంచి వచ్చాడు. పాత యజమాని అల్లుడు, చేతులకు మసి అంటదు.

"ఇంకా తడుతూనే ఉన్నావా? తనిఖీ గడువు ఇవాళ్టితో సరి. నల్లరంగు కొట్టిచ్చెయ్ తొకు, నేను తీసుకెళ్తా. అందరూ చేసేదేగా!"

"అలాగే."

అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి తకెనామి కాస్త ఆగి, వెళ్లిపోయాడు.

కియొకు ఆ బండి ఒక్కటే ఉంది. పళ్లన్నీ ఇంకా చెట్ల మీదే ఉన్నాయి. ఇవాకి కొండ శిఖరం అప్పుడే మంచుతో తెల్లబడింది. ఇవాళ తనిఖీలో నెగ్గకపోతే రేపటి నుంచి బండి రోడ్డెక్కకూడదు. బుట్టలు వీపున మోసి దింపే వయసు ఆమెకు దాటిపోయింది. మంచు పడితే పంటా పోతుంది, ఆ పంట పోతే ఈ ఏటికి తోట అమ్మకానికే.

తొకుజీకి ఇదంతా తెలుసు. చేయాల్సిందల్లా యజమాని చెప్పింది చేయడమే. పైన నల్లరంగు కొడితే చూడ్డానికి నిగనిగలాడుతుంది. అక్కడ తనిఖీ చేసేవాడు సుత్తితో ఒక్కటి వేస్తే సుత్తి లోపలికి పోతుంది, బండి నెగ్గదు. తనను ఎవరూ ఒక్క మాట అనరు. ఇలాంటి రోజు కోసమే ఇన్నేళ్లు బతికినట్టు అనిపించింది, ఆ అనిపించడం హాయిగానే ఉంది.

రంగు డబ్బా మూత తీశాడు. రంగు పట్టాలంటే పైపొర గీకాలి కదా అని గీకుడుబిళ్ల తీసుకుని మళ్లీ కిందికి జారాడు.

రెండుసార్లు గీకేసరికి పాత రంగు కింద ఇనుము రాలేదు. ప్లాస్టిక్ పట్టా వచ్చింది. ఛాసిస్ దూలానికి బిగించి చుట్టిన పట్టా, పైన తోట తాడు. వేలితో నొక్కితే మెత్తగా ఉంది. లోపల మట్టి.

కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కింద పడుకునే నవ్వాడు. ఆపిల్ చెట్టు బెరడుకు కుళ్లుపుండు పడితే తోటవాళ్లు చేసే వైద్యం ఇది. చెడిన బెరడు గీకి, తడిమట్టి మెత్తి, గాలి తగలకుండా పట్టా చుట్టి కడతారు. చెట్టయితే బాగుపడుతుంది. ఇనుముకు చేస్తే ఉప్పునీళ్లు అందులోనే నిలిచి, ఉన్న కాస్తా తినేస్తాయి.

"ఒరేయ్ ఎయిసకూ! బండికి కూడా కట్టు కట్టావురా, దద్దమ్మా!"

నవ్వు ఆగాక కోపం వచ్చింది. ఈ షెడ్డు ముందు నుంచే అన్న ఏళ్ల తరబడి పళ్లు తోలాడు. ఒక్కరోజు ఆగితే తనే రేకు వేసి ఇచ్చేవాడు. ఆగకుండా ఇలా మట్టి మెత్తుకున్నాడు! తనను అంత గడ్డిపోచగా చూశాడా? దీని మీద నల్లరంగు పూసి పంపితే అది అన్న చెత్తపనికి తను కాపలా కాసినట్టు అవుతుంది. అన్న మీద కసి తీర్చుకోవచ్చు గాని, ఈ పని తన చేతి కింద నుంచి ఇలా బయటికి పోకూడదు.

బ్లేడు తీసుకున్నాడు. తాడు ముడి పైన ఉంది. బొటనవేలి గోరంత ముడి, మూడు పాయలుగా మెలిక తిరిగి తనలోకే తాను దూరిపోయింది. నాన్న వేసే ముడి అది. ఎందుకో గాని తొకుజీ దాన్ని ముట్టుకోలేదు, అవతలి పక్క నుంచి పట్టాను చీల్చి మొత్తం ఊడదీశాడు.

తర్వాత ఒళ్లు తెలియకుండా పనిచేశాడు. కుళ్లిన చోటల్లా మంచి ఇనుము తగిలేదాకా కోశాడు. దళసరి రేకు కత్తిరించి, సుత్తితో వంచి, దూలానికి కూర్చి వెల్డింగ్ పెట్టాడు. నీళ్లు జారడానికి అడుగున రంధ్రం వదిలాడు. మధ్యాహ్నానికి తెచ్చుకున్న అన్నం ఉండ గుడ్డలోనే ఉండిపోయింది. తకెనామి రెండుసార్లు వచ్చి గడియారం చూపించి కేకలేశాడు. తొకుజీ ఒకసారి వినిపించుకోలేదు, రెండోసారి వెల్డింగ్ మంట అతని బూట్ల వైపు తిప్పాడు. ఆఖరికి నల్లరంగు పూసి, జాకీ దింపి, "తీసుకెళ్లి తగలెట్టు," అన్నాడు.

పొద్దు వాలకముందే బండి తిరిగొచ్చింది. ముందు అద్దానికి కొత్త తనిఖీ బిళ్ల అంటించి ఉంది. "సుత్తితో గట్టిగా కొట్టారు పెద్దమ్మా, ఖంగుమంది," అని తకెనామి ఆ పని తనే చేసినట్టు చెప్పాడు.

కియొ లేచి నడుం పట్టుకుంది. తొకుజీ వైపు చూడకుండా నేల మీద పడి ఉన్న మట్టికట్టు వైపు చూసింది.

"చూశావా నీ మొగుడి పనితనం?" అన్నాడు తొకుజీ. "ఇనుముకీ చెట్టుకీ తేడా తెలీదు. నా దగ్గరికి రావడానికి అంత నామోషీ అయిందా మహారాజుకి?"

"అది ఆయన కట్టింది కాదు. ఆయన పోయాక నేను కట్టా."

"అబద్ధం. ఆ ముడి మా నాన్నది."

"మీ నాన్నదే. పెళ్లయి వచ్చిన ఏడాదే నా చేతులు పట్టుకుని నేర్పాడు. నీకూ నేర్పే ఉంటాడుగా?"

తొకుజీకి నేర్పలేదు. నాన్న అన్నకు నేర్పుతుంటే తను వెనక నిలబడి చూసేవాడు. ఎప్పుడూ నాన్న వీపు అడ్డం వచ్చేది. "నువ్వు నేర్చుకుని ఏం చేస్తావు" అనేవాడు నాన్న. ఎక్కడి నుంచో వచ్చిన ఈ మనిషికి మాత్రం చేతులు పట్టుకుని నేర్పాడట. ఉన్న కసి చాలదన్నట్టు కొత్తది ఒకటి వచ్చి చేరింది, చాలా మండింది.

"పో," అన్నాడు. "పళ్లు కుళ్లిపోతాయి, పో."

"పోతున్నా. నువ్వు ఉండమన్నా ఉండను."

బండి స్టార్టు చేసి, గేరు గరగరలాడించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. చెత్త ఊడవమని తకెనామి చెప్పాడు. తొకుజీ ఊడ్చాడు.

ఊళ్లో మొదటి మంచు పడిన పొద్దున తకెనామి షెడ్డు తెరిచేసరికి దీపం వెలుగుతూ ఉంది. ముందురోజు తెచ్చిన వ్యాను కింద నుంచి తొకుజీ బూట్లు కనిపించాయి. పిలిస్తే పలకలేదు, ఎప్పటి వరసేలే అనుకుని తకెనామి టీ కాచుకున్నాడు. తాగేశాక ఇంకోసారి పిలిచాడు. అప్పుడు వంగి చూశాడు. చేతిలో సుత్తి అలాగే ఉంది, అద్దాలు నుదుటి మీదే ఉన్నాయి. డాక్టరు వచ్చి గుండె ఆగిందని చెప్పి వెళ్లాడు. కియొకు కబురు పంపితే, ఆఖరి చెట్టు పళ్లు దింపుతున్నానని, సాయంత్రం వస్తానని జవాబు చెప్పింది.

తకెనామి అతని అలమర ఖాళీ చేశాడు. ఒక కప్పు, మడిచిన తువ్వాలు, అరిగిపోయిన గీకుడుబిళ్ల. వాటి వెనక ఎండి గట్టిపడిన మట్టికట్టు ఉంది, దాని ముడి విప్పకుండానే ఉంది. పక్కనే గుప్పెడు తాడు ముక్కలు, ప్రతిదానికీ ఒక ముడి, ఒక్కటీ కట్టు మీది ముడిలా లేదు.